పిప్పి బొంతల అర్ర

సిద్దిరాములుకు చెవుడు ఒక్కనాడు రాలేదు. వచ్చి ఉంటే ఆ ఒక్కనాడే ఏడ్చి ఊరుకునేవాడు. ఎనిమిదేళ్లపాటు రోజుకింత పోయింది. మొదట భజనలో తాళాలు కొట్టినంక చివరన సన్నగా మోగే మోత పోయింది. తరువాత చూరులో పిచ్చుకలు పోయాయి. ఆ తరువాత ఆడవాళ్ల గొంతులు పోయాయి. మగవాళ్ల గొంతులు మాత్రం ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే ఇంకా తెలిసేవి. దేవుడు ఏది ముందు తీసుకోవాలో, ఏది తరువాత తీసుకోవాలో ఎవరినీ అడగడు కదా.

అతను ఇంజను డ్రైవరు. బోధన్ నుంచి వర్ని పోయే దారిలో లక్ష్మీరాజం పటేలుకు ఖండసారి మిల్లు ఒకటి ఉండేది. చెరుకు ఆడించి, రసం కాచి, ముతక చక్కెర తీసే చిన్న మిల్లు. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన యేడు, అంటే యాభై ఆరులో, పటేలు బొంబాయి నుంచి ఒక పాత ఆయిల్ ఇంజను తెప్పించి బిగించాడు. దానిని నడిపే పని మోస్రా దగ్గరి పల్లెనుంచి వచ్చిన సిద్దిరాములుకు దొరికింది. కార్తీకంనుంచి ఉగాది దాకా ఆ ఇంజను పక్కన, రేకుల కప్పు కింద, రోజుకు పన్నెండు గంటలు నిలబడాలి. ఆ కొట్టంలోకి కొత్తవాడు వస్తే రెండు చెవులూ మూసుకుని బయటికి పరుగెత్తేవాడు. సిద్దిరాములు నవ్వేవాడు. నూనె చేతులు, నెల జీతం, పటేలు పేరుపెట్టి పిలవడం: ఎండలో చెరుకు కొట్టేవాళ్లు అతన్ని చూసి కుళ్లుకునేవారు.

అతనికి ఇంకో పేరు కూడా ఉండేది, పాటగాడని. ఏకాదశికి ఏకాదశికి ఊళ్లో భజన కూడేది. కాశయ్య తంబూర మీటితే సిద్దిరాములు పాట ఎత్తుకునేవాడు. మరాఠీ అభంగమైనా, మన తత్వమైనా అతని గొంతులో పడితే వినేవాళ్లు ఇంటికి పోవడం మరిచేవారు. అట్లాంటి మనిషి అరవై రెండు, అరవై మూడు నాటికి తంబూర ఒకదారి, తానొకదారి పాడటం మొదలుపెట్టాడు. కాశయ్య తంబూరను అతని మోకాలికి ఆనించి మీటేవాడు. ఆ అదురు కాలికి తెలిస్తేనన్నా శ్రుతి పట్టుకుంటాడని. ముందు ఎవరూ ఏమీ అనలేదు. తరువాత వెనక నుంచి నవ్వడం మొదలైంది. వెనక నవ్వితే అతనికి ఏం వినబడుతుంది గనుక! లోకంలో చెవిటివాడి వెనక నవ్వినంత సుళువైన పని ఇంకోటి లేదు.

ఇంట్లో బాలవ్వ కష్టం వేరు. వాళ్లకు పిల్లలు లేరు. మిల్లు వెనక వరసగా కట్టిన గూనపెంకల ఇళ్లలో వాళ్లది మూడోది. ఇల్లంటే ముందు ఒక వాకిలి, ఒక వంటసాల, వడ్లు పోసుకోవడానికి కట్టి వడ్లెన్నడూ చూడని ఒక చిన్న అర్ర. ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకరికి వినబడదు. ఏ మాట చెప్పాలన్నా బాలవ్వ అరవాలి. ఇంట్లో ఉప్పు అయిపోయిందని అరవాలి, కడుపులో నొప్పి లేచిందని అరవాలి. ఒకసారి ఆమె అన్న పైసలకోసం వచ్చి పోతే, ఆ సంగతి మొగుడికి చెప్పేసరికి వరసంతా విని, మరునాడు బావి దగ్గర ఆమెనే అడిగారు, మీ అన్నకు ఎంత అప్పయింది అని. ఆనాటినుంచి బాలవ్వ అవసరమైన మాట తప్ప మాట్లాడటం మానేసింది. సహజంగా మెల్లగా మాట్లాడే మనిషి ఆమె. పెండ్లయిన కొత్తలో ఆమె గొంతు వినడానికి సిద్దిరాములు అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపేవాడట. ఆ మాట ఆమే చెప్పుకునేది, పక్కింటి ఎల్లవ్వతో.

అరవై నాలుగు ఎండాకాలంలో కాశయ్య ఎట్లనో తిప్పలుపడి, హైదరాబాద్ రేడియో స్టేషన్లో భజన మండలి పాట పరీక్షకు పిలుపు తెప్పించాడు. సిద్దిరాములు రానన్నాడు. నలుగురిలో నవ్వులపాలయ్యింది చాలదా అన్నాడు. కాశయ్య చెయ్యిపట్టి రైలెక్కించాడు.

అక్కడ జరిగింది సిద్దిరాములు చచ్చేదాకా మరువలేదు. వాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. తలుపు వేయగానే అతనికి మొదట భయమేసింది, ఎందుకంటే ఏళ్లకేళ్లుగా తలలో మోగుతున్న లోకం మోత ఒక్కసారి ఆగిపోయింది. కాశయ్య తంబూర మీటాడు. నాలుగు తీగలు నాలుగుగా వినబడ్డాయి. పక్కవాడు ఊపిరి పీల్చడం వినబడింది. తాళాల చివరి సన్నమోత మాత్రం రాలేదు గాని, మిగిలిందంతా పాత చుట్టాల్లా వచ్చి ముందు కూర్చుంది. అతను పాట ఎత్తుకున్నాడు. పాడుతుంటే కండ్లవెంట నీళ్లు కారాయి, శ్రుతి మాత్రం వెంట్రుక వాసి తప్పలేదు.

బయటికి వచ్చాక మిగతావాళ్లు చాయ్ తాగడానికి పోయారు. సిద్దిరాములు పోలేదు. పక్క గదిలో గోడకు అట్టలు కొడుతున్న ఒక వడ్రంగి దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఆ గదికి కూడా సగం గోడల దాకా అట్టలు పడ్డాయి కనుక మాట బాగానే వినబడుతోంది. గోడనిండా సన్నని బొక్కలున్న మెత్తని పలకలు.

“ఉస్తాద్, గీ అట్టలేంది? చప్పుడంత యాడికి పోతది?” అని అడిగాడు.

“గిది మింగుతది భాయ్. ఎంత చప్పుడు చేసినా మింగి ఊకుంటది.”

“దేంతోని చేస్తరు?”

వడ్రంగి ఒక ముక్క విరిచి చేతిలో పెట్టాడు. లోపల పీచు. సిద్దిరాములు దాన్ని ముక్కుదగ్గర పెట్టుకున్నాడు, వేళ్లతో నలిపాడు. ఎనిమిదేళ్లుగా కండ్లముందు కుప్పలుపడుతున్న సరుకును గుర్తుపట్టకుండా ఎట్లుంటాడు?

“గిది చెరుకు పిప్పి గదా!”

“ఔ, పిప్పే. మస్తు దూరంకెళ్లి వస్తది.”

“ఆరు మూరలు, ఎనిమిది మూరల అర్ర ఉన్నది నాకు. ఎంతయితది?”

వడ్రంగి అతని అంగీని, చెప్పులను ఒకసారి చూసి నవ్వాడు. “ఎంత తక్కువన్నా ఆరు వందలు. కర్ర, మేకులు, మజూరీ అలాహిదా.”

సిద్దిరాములు జీతం అరవై. అదీ మిల్లు నడిచిన నెలల్లోనే. కాని అతనికి బాధ కలగలేదు, పైగా నవ్వొచ్చింది. ఆరు వందలు పోసి జనం కొనుక్కునేది పటేలు మిల్లు వెనక గుట్టలు పడి ఉంది! పొయ్యిలో వేయగా మిగిలింది వానకు తడిసి, ఎండకు ఎండి కుళ్లిపోతోంది. ఆ పీచును అట్టల ఫ్యాక్టరీలో ఉడికించి, మందులు కలిపి, ఒత్తి, ఆరబెడితే గాని అది అట్ట కాదన్న సంగతి వడ్రంగికి తెలియదు, తెలిసినా చెప్పే తీరిక లేదు. ఫుకట్‌గా దొరికేదానికి ధర ఉండదనుకోవడం మనందరికీ ఉన్న జబ్బే. సిద్దిరాములును ఒక్కడినే అనడం ఎందుకు?

ఇంటికి వచ్చి బాలవ్వకు చెప్పాడు. ఆమె వినీవిననట్టు విని, “పాటకోసమా?” అని అరిచింది.

“పాటకే. ఇంకెందుకు?” అన్నాడు.

అప్పటికి అతనికీ అంతే తెలుసు.

పటేలును అడిగితే, “పిప్పి గావాల్నా? ఎంత గావాల్నో గంత ఎత్తుకపో” అన్నాడు. మొదట, ఉగాదికి మిల్లు ఆగేముందు ఆడించిన చెరుకు తాజా పిప్పి తెచ్చాడు. అర్ర గోడలకు వెదురుతడకలు కట్టి, ఆ సందులో కుక్కాడు. నాలుగు రోజులు బాగానే ఉంది. అయిదోనాడు ఎర్రచీమలు బారులుకట్టాయి. వారానికి పులిసిన వాసన, ఇల్లంతా ఈగలు. బాలవ్వ ముక్కు మూసుకుని, మొగుడికి వినబడేటట్టు, వరసంతటికీ వినబడేటట్టు తిట్టింది. అంతా పీకి పారబోశారు.

కాని సిద్దిరాములు ఇంజను మనిషి. చెడిపోయిన దానిని చూసి ఎందుకు చెడిందని ఆలోచించడం అతని వృత్తి. తాజా పిప్పిలో తీపి ఉంది, అందుకే చీమలు. తీపి పోయినదైతే? మిల్లు వెనక నీడలో, రెండేళ్లనాటి పిప్పి గుట్ట ఒకటుంది. నల్లబడి, లోపల తెల్లటి బూజుపట్టి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. చీమ దాని దరిదాపులకు రాదు. పలుగుతో పొడిస్తే బూడిదలాంటి పొగ లేచి మొఖాన కొడుతుంది. దాన్ని చూసి సిద్దిరాములు సంబరపడ్డాడు. ఇది కదా పనికొచ్చే సరుకు అనుకున్నాడు. తెలివిగలవాడు చేసే తప్పుకు మందులేదని మా అవ్వ అనేది.

తడకల సందున కుక్కితే ఆ పొడి రాలిపోతుంది. దానికి ఉపాయం బాలవ్వ చెప్పింది. మన ఆడవాళ్లకు పాత చీరలతో బొంతలు కుట్టడం ఒకరు నేర్పాల్సిన పని కాదు. ఎండాకాలం పనిలేని పూట నలుగురు కూర్చుని, పాత చీరలు మడతలు పరిచి, దారం లాగుతూ ఊరి సంగతులన్నీ కుట్టేస్తారు. బాలవ్వ గోనెసంచులు విప్పి, ఒకవైపు గోనె, ఒకవైపు పాతచీర పెట్టి, మధ్యన పిప్పి పరిచి, దబ్బనంతో సుతిలి లాగి కుట్టడం మొదలుపెట్టింది. గాలికి పొడి ఎగురుతుందని తలుపు దగ్గరికి వేసుకుని, అర్రలోనే కూర్చుని కుట్టేది. ముందు పిప్పిని చేతులతో చింపి మెత్తగా చేయాలి, లేకుంటే పుల్లలు గుచ్చుతాయి. ఆ ఎండాకాలం రెండు నెలలు ఆమె తల, కనురెప్పలు, చేతులు తెల్లగా దుమ్ముకొట్టుకుని ఉండేవి. ఎల్లవ్వ వచ్చి, “నీ మొగనికి పాట పిచ్చి, నీకు నీ మొగని పిచ్చి” అని నవ్వి, దుమ్ముకు తాళలేక వెళ్లిపోయేది.

నలభై ఒక్క బొంతలయ్యాయి. నాలుగు గోడలకూ రెండు వరసలు. పైన గూనపెంకల కింద వెదుర్లకు కట్టి ఒక వరస. కిటికీకి మట్టి పెట్టి మూసేశారు. తలుపుకు లోపలినుంచి బరువైన బొంత. కింద ఈతచాప, దానిమీద ఇంకో బొంత.

అన్నీ కట్టడం అయిననాడు పగటిపూట ఇద్దరూ లోపల కూర్చుని అక్కడే అన్నం తిన్నారు, ఎట్లుంటుందో చూద్దామని. దీపం వెలుతురులో సిద్దిరాములు తలవంచుకుని తింటున్నాడు. బాలవ్వ కంచం వైపు చూస్తూ తనలో తాను అనుకున్నట్టుగా అంది.

“పప్పుల ఉప్పెక్కువైనట్టున్నది.”

“ఏం ఎక్కువ కాలే. మంచిగనే ఉన్నది” అన్నాడు సిద్దిరాములు.

అని, ముద్ద చేతిలోనే ఆపేశాడు. బాలవ్వ కూడా ఆపేసింది. ఇద్దరూ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు.

“ఇనబడ్డదా?” అంది ఆమె, ఇంకా మెల్లగా.

“ఇనబడ్డది.”

“గింత మెల్లగ అన్నా?”

“ఔనే. ఇంకేమన్న అను.”

ఆమెకు ఏళ్లకేళ్లు కడుపులో దాచుకున్న మాటలు ఉన్నాయి, ఏది ముందు తీయాలి? చివరికి ఎల్లవ్వ మేక తప్పిపోయి దొరికిన సంగతి చెప్పింది. సిద్దిరాములు దాన్ని పురాణం విన్నట్టు విన్నాడు.

ఆనాటినుంచి ఆ అర్ర పాట అర్ర కాలేదు. రేడియోవాళ్లనుంచి ఉత్తరమే రాలేదు, వచ్చిందా అని సిద్దిరాములు ఒక్కసారన్నా అడగనూ లేదు. కాశయ్య అప్పుడప్పుడు తంబూర పట్టుకుని వచ్చేవాడు, అప్పుడు రెండు పాటలు పాడేవాడు. మిగతా దినాలన్నీ మొగుడూ పెండ్లాలవే. పని దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని నేరుగా అర్రలోకి పోయేవాడు. బాలవ్వ తలుపు బొంత దించి వచ్చి కూర్చునేది. ఆమె అన్న సంగతి, పుట్టి పోయిన ఇద్దరు పసిగుడ్ల సంగతి, ఈయన మీద ఉన్న కోపాలు, పటేలు భార్య గాజుల సంగతి: ఏదైనా సరే, మామూలు గొంతుతో, నవ్వుతూనో ఏడుస్తూనో చెప్పుకునేది. నలభై దాటిన మొగుడూ పెండ్లాలు తలుపేసుకుని కూర్చుంటున్నారని వరసలోవాళ్లు పరాచికాలాడారు. ఆడనీ! సుఖపడేవాళ్లను చూసి నవ్వడానికి డబ్బులు పెట్టాలా ఏమన్నా?

గోడ బొంతలను ఆమే దులిపేది. పైనుంచి రాలే పొడిని రోజూ చీపురుతో ఊడ్చేది. వానాకాలంలో చెమ్మపట్టి బూజు వాసన వేస్తే విప్పి ఎండలో వేసి, కర్రతో కొట్టి, మళ్లీ కట్టేది. సిద్దిరాములు అర్రలో ఉండేది పూటకో గంట. ఆమె కుట్టడం, మాసికలేయడం, ఊడ్వడం అన్నీ అందులోనే.

అరవై ఆరు చివర్లో దగ్గు పట్టుకుంది. చలిదగ్గు అనుకున్నారు. మిరియాల కషాయం తాగింది. దగ్గు పోలేదు, సాయంత్రమయితే ఒళ్లు వెచ్చబడేది, మెట్టు ఎక్కితే ఆయాసం వచ్చేది. సిద్దిరాములుకు ఆ దగ్గు బయట వినబడేది కాదు. అర్రలోనే వినబడేది. అక్కడ అంతా వినబడుతుంది కదా. మాటకూ మాటకూ నడుమ ఆమె రొమ్ములో సన్నగా గురగురమనే చప్పుడు విని, “గదేంది?” అని అడిగాడు.

“ఏం లేదు. గాలి” అంది.

ఒక డాక్టరు టీబీ అన్నాడు. ఆరు నెలలు సూదులు పొడిపించుకుంది. చెవి కమ్మలు పోయాయి, గుణం మాత్రం కనబడలేదు. అరవై ఎనిమిదిలో ఎవరో చెబితే హైదరాబాద్‌లో ఛాతీ రోగాల పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. ఆడమనిషి తోడుండాలని ఎల్లవ్వ కూడా వచ్చింది.

ఆ దవాఖాన హాలులో వందమంది రోగులు, వందమంది చుట్టాలు, ఇనుప మంచాల చప్పుడు. డాక్టరు మంచి మనిషి. బాలవ్వను ముందు కూర్చోబెట్టుకుని చాలాసేపు అడిగాడు. ఏ ఊరు, ఏం పని, ఇంట్లో ఏముంటుంది, దేని దుమ్ము పీలుస్తావు. ఆమె చెబుతుంటే రాసుకోవడం ఆపి తలెత్తాడు. తరువాత వేలు చూపిస్తూ గట్టిగానే ఏదో చెప్పాడు. సిద్దిరాములు రెండడుగుల దూరంలో నిలబడి డాక్టరు పెదవులను, బాలవ్వ వీపును చూస్తూ ఉన్నాడు. ఒక్క ముక్క అందలేదు. ఎల్లవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బయటికి వచ్చాక, “ఏమన్నడు?” అని అడిగాడు.

బాలవ్వ అతని చెవిదగ్గరికి వంగి అరిచింది. “దమ్మంట, వట్టి ఆయాసమంట! గోలీలు మింగితే తగ్గుతదంట!”

ఎల్లవ్వ ఏదో అనబోతే బాలవ్వ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాక ఆ ఇద్దరు ఆడవాళ్లూ చాలాసేపు మాట్లాడుకున్నారు. సిద్దిరాములు ఎదురుగానే ఉన్నాడు. చెవిటివాడి ముందర ఇంటి రహస్యమైనా చెప్పుకోవచ్చు.

“బూజుపట్టిన పిప్పి దుమ్ము రొమ్ములకు పోయి కూసున్నదన్నడు గదనే!” అంది ఎల్లవ్వ. “ఇప్పటికన్నా దాన్ని ఇడిసిపెడితే బతుకుతవన్నడు. నువ్వేంది, మొగనికి దమ్మని చెప్తవ్?”

“చెప్తే ఇయ్యాలనే పీకి పారేస్తడు అక్క. నాకెరుక లేదా ఆయన సంగతి?”

“పారెయ్యనీ! నువ్వు బతకవా?”

బాలవ్వ కొంగులో దగ్గి తలెత్తింది. “బతికి ఏం చెయ్యాలె? మల్ల ఉప్పు లేదని మొత్తుకోవాల్నా? ఆయనతోని నాలుగు మాటలు మెల్లగ అనుకునే జాగ నాకు గదొక్కటే ఉన్నది. నా మీద ఒట్టు, నువ్వు చెప్పకు.”

ఎల్లవ్వ చెప్పలేదు. సంవత్సరం దాకా చెప్పలేదు. ఒట్టు అంటే ఆ రోజుల్లో ఒట్టే. ఆ సంవత్సరమంతా బాలవ్వ అర్రలోనే కూర్చుంది. మాట తగ్గింది, ఊపిరి తీసుకోవడానికి నడుమ నడుమ ఆగేది. సిద్దిరాములు చెప్పమని తొందరపెట్టేవాడు కాదు. పటేలును అడిగి జీతంలో పట్టించుకుని గోలీలు తెచ్చేవాడు, వేడినీళ్లు కాచి ఇచ్చేవాడు, బయట చలిగాలి తగులుతుందని తానే ఆమెను లేవదీసి అర్రలోకి తీసుకుపోయి, తలుపు బొంత దించేవాడు. ఈ ముక్క రాయడానికి నాకు చెయ్యి ఆడటం లేదు. ప్రేమతోనే తీసుకుపోయేవాడు పాపం.

అరవై తొమ్మిది హోళీ మరునాడు బాలవ్వ బావి గట్టు మీద కూలబడింది. పెదవులు నీలం తిరిగాయి. నలుగురు మోసుకొచ్చి వాకిట్లో మంచం మీద పడుకోబెట్టారు. సిద్దిరాములు ఇంజను ఆపి పరుగెత్తుకొచ్చాడు. వచ్చీరాగానే, “లోపలికి, అర్రలకు తీస్కపోదం, గాలి తగుల్తున్నది” అని మంచం పట్టుకున్నాడు.

అప్పుడు ఎల్లవ్వ ఒట్టు తీసి గట్టున పెట్టింది. అతని అంగీ పట్టుకుని గుంజి, చెవిలో నోరుపెట్టి అరిచింది. “నీ అర్రనే మింగుతున్నది దాన్ని! నీ పిప్పినే! డాక్టరు గప్పుడే చెప్పిండు! నీతోని మాట్లాడాలని దాచిపెట్టింది, ముండ!”

వరసంతా విన్నది. సిద్దిరాములు కూడా విన్నాడు.

అతను బాలవ్వ వైపు చూశాడు. ఆమె మొఖం పక్కకు తిప్పుకుంది. తరువాత లోపలికి పోయి గోడ బొంతలు ఒక్కొక్కటే కోసి దించడం మొదలుపెట్టాడు. సాయం వస్తామంటే ఎవరినీ రానియ్యలేదు. ముక్కుకు తువ్వాల కట్టుకోమన్నా కట్టుకోలేదు. నలభై ఒక్కటీ మిల్లుకు మోసి, రసం కాచే పొయ్యిలో తన చేతులతో వేశాడు. కిటికీకి పెట్టిన మట్టి పొడిచి తీసేసి, అర్రను నాలుగుసార్లు కడిగి, సున్నం వేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. మళ్లీ హైదరాబాద్ తీసుకుపోతే, రొమ్ములోపల గట్టిపడిపోయింది ఇక మెత్తబడదని డాక్టరు ఈసారి అతనికే అరిచి చెప్పాడు.

ఆమె ఇంకో మూడేళ్లు ఉంది. ఉందంటే వాకిట్లో మంచం మీద, మూడు దిండ్లకు ఆనుకుని. ఇప్పుడు ఆమెకు అరిచే ఊపిరి లేదు, అతనికి మెల్లగా అంటే వినే చెవి లేదు. మంచం కోడు మీద గాజులతో తట్టి పిలిచేది. గాజుల చప్పుడు అతనికి అందదని గుర్తొచ్చి చెయ్యి ఊపేది. నీళ్లకు ఒక సైగ, గోలీకి ఒక సైగ. కడుపులో మాటకు సైగ ఎక్కడుంటుంది? సున్నం వేసిన ఆ అర్రలోకి ఒకసారి ఇద్దరూ పోయి కూర్చున్నారు. ఆమె పెదవులు కదిపింది. అతను ఆమె నోటిదగ్గర చెవి పెట్టాడు. ఆనాడు ఇంజను ఆగి ఉన్నా, అతనికి ఇంజను మోతే వినబడింది. మళ్లీ ఆ అర్రలోకి ఎవరూ పోలేదు.

డెబ్బై రెండు మాఘమాసంలో ఒకనాడు తెల్లారి సిద్దిరాములు పనికి తయారై, సద్ది గిన్నె పట్టుకుని మంచం పక్కనుంచి పోతుంటే బాలవ్వ అతని చెయ్యి పట్టుకుంది. అతని మొఖంలోకి చూస్తూ ఏదో అంది.

“ఏందే?” అన్నాడు వంగి.

ఆమె మళ్లీ అనబోయింది. ఊపిరి అందలేదు. రొమ్ము ఎగిరెగిరి పడింది. కాసేపు చూసి, ఏం లేదు పో అన్నట్టు చెయ్యి వదిలేసింది. చెరుకు బండ్లు వచ్చి వరసకట్టి ఉన్నాయి, ఇంజను తీయాల్సిన వేళ దాటుతోంది. “మాపటికి చెప్పు” అని దుప్పటి సర్ది వెళ్లిపోయాడు.

పొద్దు నడినెత్తికి రాకముందే మనిషిని పంపారు. అతను వచ్చేసరికి మంచం దించి చాప మీద పడుకోబెట్టారు.

జనం కూడారు. కాశయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. పాడె కడుతుంటే సిద్దిరాములు లేచి ఎల్లవ్వ దగ్గరికి పోయాడు. ఆ పొద్దున ఆమె వీళ్ల వాకిట్లోనే ఉంది, బాలవ్వకు జావ తెచ్చి అరుగు మీద కూర్చుని చల్లార్చుతోంది.

“అక్కా, పొద్దుగాల నాతోని ఏదో అన్నది. నువ్వు గీడనే ఉంటివి గదా. ఏమన్నది?”

ఎల్లవ్వ తల వంచుకుంది. మెల్లగా చెప్పింది.

“ఏందక్కా? ఇనబడ్తలేదు.”

ఆమె ఏడుస్తూ ఇంకోసారి చెప్పింది. అతను చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంకా దగ్గరికి వంగాడు.

“గట్టిగ చెప్పు అక్కా.”

పాడె కడుతున్నవాళ్లు చేతులు ఆపారు. ఎల్లవ్వ కండ్లు తుడుచుకుని, అతని చెవిలో నోరు పెట్టి, వరసంతటికీ వినబడేటట్టు అరిచింది.

“ఇయ్యాల పనికి పోకు, నా దగ్గర కూసో అన్నది!”